చిక్కం కర్రకు కెమెరా

ఏరా, తోటలో రసాలు కోస్తుంటే తీసిన వీడియో ఇదేనా? బాగానే ఉంది గానీ, కాయలు ఊగుతున్నాయో, తోటే ఊగుతోందో తెలియట్లేదర్రా!

చవక ఫోనని మూతి ముడుచుకోకండి. దాని అసలు జబ్బు ఖరీదు కాదు, మరీ తేలిగ్గా ఉండటం. మన చేతుల్లో సన్నటి వణుకు ఎప్పుడూ ఉంటుంది. నడిస్తే ఇంకాస్త ఎక్కువ. తేలికపాటి వస్తువు ఆ వణుకులన్నిటికీ తలూపేస్తుంది. కావడి మోసేవాణ్ణి గబుక్కున పక్కకు తిరగమనండి, కావడి మొండికేస్తుంది. అదే బరువు నెత్తిన పెట్టుకుంటే ఇట్టే తిరుగుతాడు. బరువు మధ్య నుంచి ఎంత దూరం జరిగితే తిప్పడం అంత కష్టం. దూరం రెట్టింపైతే ఆ మొండితనం నాలుగింతలవుతుంది! మీ పుస్తకాల్లో దీని పేరు జడత్వ భ్రామకం. పేరు వింటే నిద్రొస్తుంది గానీ సంగతి భలేది.

అందుకే రెండు మూరల పీవీసీ గొట్టం తీసుకుని మధ్యలో ఫోను బిగించండి, రెండు చివర్లా నీళ్ల సీసాలు కట్టండి. సీసాలు నిండా ఉండాలి సుమా, సగం నీళ్లుంటే లోపల తొణికి మళ్లీ కుదిపేస్తాయి. గొట్టం కిందికి పొట్టి కర్రొకటి బిగించి దాని చివరా కాస్త బరువు పెడితే ఫోను పక్కకు ఒరగదు. అమెరికాలో గారెట్ బ్రౌన్ అనే ఆయన 1970లలో ఈ కిటుకుకే స్ప్రింగుల చెయ్యి కూడా జతచేసి స్టెడీక్యామ్ తయారుచేశాడు. 1989లో వచ్చిన మన 'శివ'లో దాన్ని వాడారు. ఆ సినిమా తీసిన రామ్‌గోపాల్ వర్మే 2011లో 'దొంగల ముఠా' షూటింగు ఐదు రోజుల్లో చుట్టేశాడు, అదీ ఫొటోల వాళ్లు మెడలో వేసుకు తిరిగే కేనన్ 5డి కెమెరాలతో. సినిమా ఎలా ఉందంటారా, అది ఇంకోరోజు కబురు.

కొమ్మ దాకా కెమెరా ఎక్కాలంటే క్రేన్ ఎందుకర్రా, చిక్కం కర్ర లేదూ! మొదలు నేలకు ఆనించి మెల్లగా పైకి లేపండి. చివర వెదురు ఊగుతుంది, అది సద్దుమణిగాకే రికార్డు నొక్కండి. ఫోనును రెండు చోట్ల కట్టాలి, లేకపోతే కాయల కంటే ముందు అదే రాలుతుంది.

మిట్టమధ్యాహ్నం చెట్టు కింద మనిషిని తీస్తే మొహమంతా వెలుగు మచ్చలే. ఆ గుండ్రటి మచ్చలేమిటో తెలుసా? సూర్యుడి బొమ్మలు! ఆకుల మధ్య చిన్న సందు ఏ ఆకారంలో ఉన్నా సరే, కింద పడేది గుండ్రంగానే ఉంటుంది. పాక్షిక గ్రహణం రోజున చూడండి, నేలంతా నెలవంకలే. వీడియోకి మాత్రం అవి బెడద. మనిషిని చిక్కటి నీడలోకి జరిపి, ఎదురుగా తెల్లటి థర్మాకోల్ అట్ట పట్టుకుంటే మొహం వెలుగుతుంది. సినిమావాళ్లూ చేసేది అదే.

కాయ రాలడం స్లోమోషన్‌లో కావాలా? పదహారడుగుల కొమ్మ నుంచి నేలకు చేరడానికి సుమారు ఒక సెకను. సెకనుకు 120 బొమ్మలు తీసి, 30 చొప్పున చూపిస్తే అదే నాలుగు సెకన్లవుతుంది. అయితే ఒక్కో బొమ్మకు దక్కే వెలుతురు తక్కువ, కాబట్టి ఎండ తగిలే కొమ్మే చూసుకోండి. కింద గోనెపట్టా పరవడం మరవకండి. రసం చితికిపోతే మీ నాయనమ్మకు జవాబు చెప్పుకోవాల్సింది నేను.