ఆరు గంటల దగ్గర పగులు

స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళ మోడల్ 19 రివాల్వర్‌ను, ఖాళీ చేశాక, సిలిండర్ పక్కకు తెరిచి బ్యారెల్ వెనక కొసను వెలుతురులో పెట్టి చూడండి. ఆ గుండ్రటి అంచు ఒక్కచోట మాత్రం గుండ్రంగా ఉండదు. గడియారంలో ఆరు అంకె ఉండే చోట, అంటే సరిగ్గా అడుగున, ఆకురాయితో అరగదీసినట్టు చదునుగా ఉంటుంది. బాగా కాల్చిన తుపాకీ అయితే ఆ చదును మీద వెంట్రుకలాంటి గీత ఒకటి కనిపించవచ్చు. మసి అనుకుని నూనెగుడ్డతో తుడుస్తారు. పోదు. అది పగులు. అక్కడితో ఆ బ్యారెల్ పని అయిపోయింది. ఆ పాత రకం బ్యారెల్ మరొకటి దొరకడం కష్టం కాబట్టి, చాలాసార్లు తుపాకీ పని కూడా అయిపోయినట్టే.

అంత గట్టి ఉక్కు అక్కడే ఎందుకు పగిలింది? ముందు రివాల్వర్ పనిచేసే తీరు చూడాలి.

ట్రిగ్గర్ నొక్కడం మొదలవగానే లోపల ఒక చిన్న ఉక్కు ముక్క పైకి లేస్తుంది. తుపాకులు బాగుచేసేవాళ్ళు దాన్ని హ్యాండ్ అంటారు. పేరుకు తగ్గట్టే అది సిలిండర్ వెనకున్న పళ్ళచక్రంలో ఒక పన్నును చేత్తో తోసినట్టు తోస్తుంది. ఆరు గదుల సిలిండర్ ఆరోవంతు తిరుగుతుంది. తిరిగినది సరైన చోట ఆగాలి కదా, అందుకు కింది నుంచి సిలిండర్ స్టాప్ అనే ఇంకో ముక్క లేచి సిలిండర్ ఒంటిమీది గాడిలో కూర్చుంటుంది. గది, బ్యారెల్ ఒక వరసలోకి వచ్చాక హ్యామర్ పడి తూటా పేలుతుంది.

మామూలు రైఫిల్లో తూటా పేలే గది బ్యారెల్‌లో భాగమే. రివాల్వర్‌లో అవి రెండు వేరు వేరు వస్తువులు. గుండు సిలిండర్ గదిలో బయల్దేరి, మధ్యలో సందు దాటి, బ్యారెల్‌లోకి దూకాలి. ఆ సందు మామూలుగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, ఒకటి రెండు కాగితాల మందం. సందు లేకపోతే సిలిండర్ తిరగదు. ఉంటే అందులోంచి మంట తన్నుకొస్తుంది. దూకే గుండు కొంచెం పక్కకు తగిలినా లోపలికి జారేట్టు బ్యారెల్ వెనక నోటిని గరాటులా చెక్కుతారు. దాని పేరు ఫోర్సింగ్ కోన్. మనం చూసిన పగులు ఆ గరాటు అంచుదే.

ఇక ఆ చదును సంగతి. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ తూటాకు మొదట వాడింది పెద్ద చట్రం ఉన్న రివాల్వర్. బరువు కిలోంబావు దాకా తూగేది. రోజంతా నడుముకు కట్టుకు తిరిగేవాడికి అది భారం. సరిహద్దు గస్తీ దళంలో పనిచేసిన బిల్ జోర్డాన్ అనే గురికాడు ఇదే తూటాను తేలిక చట్రంలో ఇమ్మని కంపెనీని అడిగాడు. 1955లో కంపెనీ తన మధ్యరకం కె-ఫ్రేమ్‌లో దాన్ని ఇమిడ్చింది. అదే తర్వాత మోడల్ 19 అయింది. 1899 నాటి ఆ చట్రం అసలు .38 స్పెషల్ తూటాకోసం గీసింది. ఆ తూటాకు పరిశ్రమ పెట్టుకున్న ఒత్తిడి పరిమితి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, మాగ్నమ్‌కు 35,000. రెట్టింపు. ఆ ఇరుకు చట్రంలో సిలిండర్‌ను మోసే క్రేన్‌కు చోటు చాలక, బ్యారెల్ కొసను అడుగున కొంచెం అరగదీశారు. గోడ అక్కడ పల్చబడింది. పగులుకు కావలసిన చోటు పుట్టింది ఆ అరగదీతలోనే.

అయినా చాలా ఏళ్ళు గొడవ రాలేదు. .357 గదిలో పొట్టిదైన .38 స్పెషల్ కూడా సరిపోతుంది. కాబట్టి పోలీసులు సాధనకు చౌకైన .38, డ్యూటీకి మాగ్నమ్ వాడేవారు. ఏడాదికి పేల్చే మాగ్నమ్‌లు కొన్నే. 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో న్యూహాల్ దగ్గర ఇద్దరు నేరస్థులతో జరిగిన కాల్పుల్లో హైవే పెట్రోల్ అధికారులు నలుగురు చనిపోయారు. నడుమున పెట్టుకునే తూటాతోనే సాధన చేయాలన్న వాదన ఆ తర్వాత బలపడింది. వాదన న్యాయమైనదే, కాకపోతే ఖర్చు పడింది మాత్రం ఆ పల్చటి గోడమీద.

అదే రోజుల్లో తూటా కూడా మారింది. పాత మాగ్నమ్ గుండు 158 గ్రెయిన్లు, అంటే పది గ్రాముల పైచిలుకు. కొత్తగా వచ్చిన 125 గ్రెయిన్ల గుండు ఎనిమిది గ్రాములు. తేలికైనది కదా, తుపాకీకి సుఖమే అనుకుంటాం. నిజం తిరగబడింది. తేలిక గుండును వేగంగా తోయడానికి మందు ఎక్కువ పోస్తారు. గుండు పొట్టిది కావడంతో దాని అడుగు సందు దాటేసరికి వెనక వాయువు ఇంకా ఉధృతంగా ఉంటుంది, సగం కాలిన మందు రేణువులు ఇసుక చల్లినట్టు గరాటు నోటికి వచ్చి తగులుతాయి. తగిలినప్పుడల్లా ఉక్కు వేడెక్కి చల్లారుతుంది. అన్నిటికంటే పల్చటి చోట ముందు చీలుతుంది. కంపెనీ జవాబు 1980లో వచ్చింది: ఎల్-ఫ్రేమ్ అని కొంచెం పెద్ద చట్రం, మోడల్ 586, 686. వాటి గరాటుకు చదును లేదు.

ఈ పగులు అన్ని రివాల్వర్లకూ రాదు. అరుగుదల మాత్రం అన్నిటికీ ఉంటుంది.

ఒకటి, సందులోంచి వచ్చే మంట పైనున్న చట్రపు కమ్మి అడుగును కోస్తుంది. పాత బావి ఒరమీద చేంతాడు ఒరిపిడికి పడిన గాడి గుర్తుందా, అలాంటి సన్నటి గాడి. చూడగానే కొన్నవాడి గుండె జారుతుంది. నిజానికి అది కొంత లోతు దిగాక నెమ్మదిస్తుంది. రివాల్వర్ జబ్బుల్లో దీనికి ఉన్నంత చెడ్డపేరు అవసరం లేదని నా అభిప్రాయం.

భయపడాల్సింది ప్లే రావడానికి, అంటే సిలిండర్ వదులై ఆడటానికి. మూసిన సిలిండర్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపి చూస్తారు. 0.05 మిల్లీమీటర్లు దాటి కదిలితే ఆలోచించాల్సిందే. ఇరుసుమీద చక్రం ఆడటం మొదలైన బండి గతుకు గతుకుకూ ఎలా మరింత వదులవుతుందో ఇదీ అంతే. ప్రతి పేలుడుకూ సిలిండర్ వెనక్కి వెళ్ళి చట్రాన్ని గుద్దుతుంది, ముందుకొచ్చి క్రేన్‌ను గుద్దుతుంది. వదులు ఉన్నకొద్దీ గుద్దు పెరుగుతుంది, గుద్దు పెరిగినకొద్దీ వదులు పెరుగుతుంది. మొదట్లోనే పట్టుకుంటే పల్చటి వాషరు ఒకటి వేసి సరిచేస్తారు. .44 మాగ్నమ్ మోడల్ 29 విషయంలో ఇది బయటపడింది వేటగాళ్ళ దగ్గర కాదు, లోహపు బొమ్మలను కొట్టే సిలువెట్ పోటీల్లో. 200 మీటర్ల దూరంలోని ఇనప పొట్టేలును పడగొట్టాలంటే బరువైన గుండు కావాలి, వందలకు వందలు పేల్చాలి. వేటగాడు జీవితమంతా కాల్చినన్ని తూటాలు పోటీగాడు కొన్ని నెలల్లో కాల్చేస్తాడు. చివరికి 1980ల ఆఖర్లో కంపెనీ లోపలి భాగాలను గట్టిపరిచింది.

ఇంకోటి వరస తప్పడం. హ్యాండ్ కొసగానీ పళ్ళచక్రపు పన్నుగానీ అరిగితే సిలిండర్ పూర్తిగా తిరగకముందే హ్యామర్ పడుతుంది. గుండు గరాటు అంచును గీసుకుంటూ దూరుతుంది, చెక్కుకుపోయిన సీసం తునకలు సందులోంచి పక్కకు చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాడి చెంపకు చురుక్కుమంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. 1955లోనే వచ్చిన కోల్ట్ పైథాన్‌కు ఈ విషయంలో వింత పేరుంది. పేలే క్షణంలో దాని హ్యాండ్ సిలిండర్‌ను గట్టిగా అదిమి పడుతుంది. ఇసుమంత కదలిక ఉండదు, గురి అద్భుతం. అదిమి పట్టిన హ్యాండే పేలుడు దెబ్బ కూడా తింటుంది కాబట్టి త్వరగా అరుగుతుంది. ముద్దుగా బిగించినదే ముందు వదులైంది.

చిన్న భాగాల కథలు చిన్నవే. స్ప్రింగులు నీరసిస్తాయి. ట్రిగ్గర్ తేలిక కావాలని ఇంట్లోనే స్ప్రింగు కత్తిరించేవాళ్ళ తుపాకీ పేలకుండా టిక్కుమని ఊరుకుంటుంది. హ్యామర్ ముక్కు విరుగుతుంది. ఖాళీ తూటా గొట్టాలను బయటికి తోసే కడ్డీ మర ఊడి, సిలిండర్ తెరుచుకోకుండా బిగుసుకుపోతుంది. స్మిత్ అండ్ వెస్సన్ సిలిండర్ ఎడమకు తిరుగుతుంది, కడ్డీకి మామూలు కుడి మర ఉండేది. తిరిగినప్పుడల్లా ఊడే వైపే లాగేది. 1960 ప్రాంతంలో ఎడమ మర పెట్టారు. సైకిల్ ఎడమ పెడల్‌కు ఎడమ మర ఎందుకుంటుందో తెలిసినవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది.

మన దగ్గర లైసెన్సుదారుల రివాల్వర్లకు ఈ రోగాలు రావడం అరుదు. కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కొన్నవాళ్ళకు ఎన్ని తూటాలివ్వాలో లైసెన్సులోనే రాసి ఉంటుంది, అందులోనూ కాల్చేది తక్కువ. ఎన్నికల నోటిఫికేషన్ వస్తే తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్‌లో జమ చేస్తారు, తర్వాత తెచ్చి మళ్ళీ బీరువాలో పెడతారు. అక్కడ దాన్ని తినేది తుప్పు, ముఖ్యంగా తోలు సంచిలోనే పెట్టి వదిలేస్తే. తోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలు, అది పీల్చుకున్న చెమ్మ కలిసి ఉక్కును కొరుకుతాయి. వేల తూటాలు కాల్చిన పోటీగాడి తుపాకీలో అరిగిన చోట మెరుపుంటుంది. మనవాళ్ళ బీరువా తుపాకీకి ఆ మెరుపు కూడా ఉండదు.

కె-ఫ్రేమ్ మాగ్నమ్‌లను కంపెనీ కొంతకాలం ఆపేసింది. మోడల్ 19కు స్టెయిన్‌లెస్ జంట అయిన మోడల్ 66 ను 2014లో మళ్ళీ తెచ్చింది. అదే చట్రం, అదే తూటా. బ్యారెల్ వెనక కొస మాత్రం ఈసారి అడుగున కూడా గుండ్రంగానే ఉంది.