కారం గుడ్లు - కనిపించని దయ్యం

ఉడికిన కోడిగుడ్డును నిలువుగా కోస్తే, పచ్చసొన చుట్టూ ఒక్కొక్కసారి ఆకుపచ్చని వలయం కనిపిస్తుంది. మీరూ చూసే ఉంటారు. అది చూసి గుడ్డు పాడైందనుకుని పారేసినవారు మీలో ఎంతమంది? సిగ్గుపడనక్కర లేదు. ఆ పొరపాటు మా బడిలోనూ జరిగింది. అంతకన్నా పెద్ద పొరపాటు నేనే చేశాను. ఆ రెండు సంగతులూ మీకు చెబుతాను.

ముందు వంటకం గురించి తెలుసుకుందాం. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ విందులకు వచ్చిన అతిథులకు భోజనానికి ముందు ‘డెవిల్డ్ ఎగ్స్’ అందించడం వాడుక. డెవిల్ అంటే దయ్యం. భయపడకండి! కారం దట్టించిన వంటలకు ఇంగ్లీషువారు 18వ శతాబ్దం నుంచీ ఆ మాట వాడుతున్నారు. గుడ్లను ఉడికించి, చెక్కలు చేసి, పచ్చసొన తీసి, అందులో కారమూ ఆవపిండీ కలిపి మెదిపి, తిరిగి తెల్లసొన దొప్పల్లో నింపుతారు. మన కారం గుడ్లకు ఇది దూరపు చుట్టమన్నమాట.

మా పదో తరగతి పిల్లల వీడ్కోలు విందులో ఈ వంటకాన్ని వరుసగా రెండేళ్లు పెట్టాను.

మొదటి ఏడు ఏం జరిగింది?

నలభై గుడ్లు పొయ్యి మీద పెట్టి, వేదిక అలంకరణ చూడటానికి వెళ్లాను. గుడ్లు అరగంటకు పైగా మరిగాయి. దించాక కూడా ఆ వేడినీళ్లలోనే ఉండిపోయాయి. కోసి చూస్తే ప్రతి గుడ్డులోనూ ఆకుపచ్చ వలయమే! “విషం!” అన్నారెవరో. నేను వచ్చేసరికి నలభై గుడ్లూ చెత్తకుప్ప మీద ఉన్నాయి.

అవి నిజంగా పాడైపోయాయా? లేదు. లోపల జరిగిందేమిటో చూడండి.

తెల్లసొనలో దాదాపు తొంభై పాళ్లు నీరే. మిగిలినదానిలో ఎక్కువ భాగం మాంసకృత్తులు. ఇవి దారపు ఉండల్లా చుట్టుకుని నీటిలో తేలుతూ ఉంటాయి. వేడి తగలగానే ఉండలు విడిపోయి, ఒకదానితో ఒకటి పెనవేసుకుని, మధ్యలో నీటిని బంధిస్తాయి. అందుకే జారుగా ఉన్న సొన గట్టిపడుతుంది. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది. పచ్చసొన 70 డిగ్రీలు వచ్చేసరికి గట్టిపడుతుంది. నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర కదా? అంటే పది పన్నెండు నిమిషాలకు మించి మరిగించవలసిన పని లేదు.

మరిగిస్తూనే ఉంటే? తెల్లసొన మాంసకృత్తుల్లో గంధకం ఉంది. అది కొంత హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా వెలువడుతుంది. పచ్చసొనలో ఇనుము ఉంది. ఈ రెండూ కలుసుకునేది ఎక్కడ? తెలుపూ పసుపూ తాకే సరిహద్దులో! అక్కడ ఐరన్ సల్ఫైడ్ పలుచని పొరగా ఏర్పడుతుంది. మనకు కనిపించే ఆకుపచ్చ వలయం అదే. అది విషం కాదు. కాస్త వాసన వస్తుంది, అంతే. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డులో ఆ వలయం కనిపిస్తే, నిశ్చింతగా తినండి. ఒక్కొక్క గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల మాంసకృత్తులున్నాయి. మేము చెత్తకుప్పకు పోసింది అంత మంచి ఆహారాన్ని.

రెండో ఏడు

ఈసారి అన్నీ దగ్గరుండి చేశాను. ఆ రోజు పెట్టిన గుడ్లు కాకుండా, వారం ముందే కొన్న గుడ్లు తీసుకున్నాను. ఎందుకంటారా? పెంకులో వేల సూక్ష్మ రంధ్రాలుంటాయి. రోజులు గడిచే కొద్దీ వాటి గుండా గుడ్డులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. దానితో తెల్లసొనకు క్షారగుణం పెరుగుతుంది. అప్పుడది పెంకు లోపలి పొరను గట్టిగా అంటిపెట్టుకోదు. తాజా గుడ్డు ఒలిస్తే తెల్లసొన పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చేది అందుకే.

గుడ్లను చన్నీళ్లలో వేసి కాచకుండా, మరుగుతున్న నీళ్లలోకి గరిటెతో మెల్లగా దించాను. ఇలా చేసినా పెంకు తేలికగా వస్తుంది. గడియారం చూసి పదకొండు నిమిషాలు ఉంచాను. తీసిన వెంటనే చన్నీళ్లలో వేశాను. చన్నీళ్లు రెండు మేళ్లు చేస్తాయి. లోపలి ఉడుకు ఆగుతుంది. పెంకు వైపు ముందుగా చల్లబడుతుంది కనుక గంధకపు వాయువు పచ్చసొన వైపు కాక, బయటి వైపు మళ్లుతుంది. బజ్జీల బండివాళ్లు చేసినట్లే దారంతో కోశాను. పసుపు బంగారంలా మెరిసింది. వలయం జాడే లేదు!

ఇక కారం. ఆరు గుడ్ల పచ్చసొనకు రెండు పెద్ద చెంచాల గట్టి పెరుగు, ఒక చెంచా వెన్న, అర చెంచా ఆవపిండి, ముప్పావు చెంచా కారం, కాస్త నిమ్మరసం, ఉప్పు. పాశ్చాత్యులు పెరుగుకు బదులు మయొనైజు వేస్తారు. ఇంట్లో చేసే మయొనైజులో పచ్చి గుడ్డు ఉంటుంది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు కనుక పెరుగే మేలనుకున్నాను.

కారాన్ని నేరుగా చల్లకుండా, గోరువెచ్చని నూనె చెంచాడు పోసి కలిపి వేశాను. మిరపకాయకు మంటనిచ్చే కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది. నీటిలో దాదాపు కరగదు. పచ్చసొనలో మూడోవంతు దాకా కొవ్వే కనుక కారం అందులో సమంగా వ్యాపిస్తుంది. అన్నట్టు, కారం రుచి కాదని మీకు తెలుసా? సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే నాడుల చివర్లనే కాప్సైసిన్ తట్టిలేపుతుంది. కాలకపోయినా కాలిందని మెదడుకు కబురు పోతుంది! ఈ రహస్యాన్ని ఛేదించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

ఉదయం తొమ్మిది గంటలకల్లా గుడ్లు సిద్ధం. పళ్లెంలో పూలలా అమర్చి, పలుచని గుడ్డ కప్పి, బల్ల మీద పెట్టాను. ఉపన్యాసాలు అయ్యేసరికి రెండు గంటలైంది. పిల్లలు మెచ్చుకుంటూ తిన్నారు. సాయంత్రానికి నలుగురికి వాంతులు పట్టుకున్నాయి.

ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి, ఆసుపత్రికి తీసుకుపోయాం. మర్నాటికి కోలుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం గుడ్లేనని పరీక్ష చేయించలేదు గాని, సైన్సు మాస్టారిని కనుక తప్పెక్కడ జరిగిందో నాకు తెలుస్తూనే ఉంది.

ఉడికించినప్పుడు గుడ్డులోని సూక్ష్మజీవులు చచ్చాయి. ఆ తర్వాత ఒలిచిందీ, మెదిపిందీ, నింపిందీ నా చేతులు! మన చర్మం మీదా, ముక్కులోనూ స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి ఉండటం మామూలే. మెత్తని, తడిగల ఆహారం దొరికితే అది వెచ్చదనంలో ఇబ్బడిముబ్బడిగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం నశించదు.

లెక్క వేద్దాం. అనుకూల పరిస్థితుల్లో సూక్ష్మజీవి ఇరవై నిమిషాలకొకసారి రెండింతలు కాగలదనుకోండి. గంటకు మూడుసార్లు. తొమ్మిది నుంచి రెండు దాకా ఐదు గంటల్లో పదిహేనుసార్లు. ఒకటి ఎన్నవుతుంది? 32,768! అయినా పళ్లెంలో రంగు మారలేదు, వాసన రాలేదు.

చూశారా? మొదటి ఏడు కంటికి అసహ్యంగా కనిపించిన మంచి గుడ్లను పారేశాం. రెండో ఏడు కంటికి ఇంపుగా కనిపించిన చెడ్డ గుడ్లను తిన్నాం. రెండుసార్లూ కన్నునే నమ్మాం. ఏది ఎందువల్ల జరుగుతుందో ఆలోచించలేదు.

మీరు చేసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి; చేతికి పుండు ఉంటే ఈ పనికి దిగకండి. చెంచాతో నింపండి. వడ్డించేదాకా ఫ్రిజ్‌లో ఉంచండి. బయట పెట్టాక రెండు గంటల్లో తినేయాలి. మన వేసవిలాగా 32 డిగ్రీలు దాటిన ఎండల్లో అయితే ఒక్క గంటే గడువు. ఫ్రిజ్ లేకపోతే గుడ్లు ఉడికించి పెంకుతోనే ఉంచి, అతిథులు కూర్చున్నాక ఒలిచి నింపండి. మూడో ఏడు మేము చేసింది అదే. పిల్లలే ఒలిచారు, పిల్లలే నింపారు. అందరూ క్షేమం!

చివరగా ఒక చిన్న ప్రయోగం. గుడ్డు తినని ఇళ్లవారూ చేయవచ్చు. రెండు గాజు గ్లాసులు తీసుకుని ఒకదానిలో గోరువెచ్చని నీరు, రెండోదానిలో గోరువెచ్చని నూనె సగానికి పోయండి. రెండింటిలోనూ చెంచాడు కారం వేసి, కలిపి, గంటసేపు కదపకుండా ఉంచండి. ఏది ఎక్కువ ఎర్రబడింది? ఆవకాయలో పైన తేలే నూనె ఎర్రగా ఎందుకుంటుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.