నాన్నగారి ఫొటోలో ఎన్ని పిక్సెళ్లు?

తెనాలిలో మా స్టూడియోకి వచ్చే పనుల్లో పెద్దకర్మ ఫొటోలే ఎక్కువ. ఫోను చేతికిచ్చి, "నాన్నగారిది ఇదొక్కటే ఉందండీ, 12 బై 18 ఫ్రేము కట్టించాలి" అంటారు. చూస్తే అది ఏదో పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటో, వాట్సాప్‌లో వచ్చింది. పెద్దాయన వెనక వరసలో నిలబడి ఉంటారు. భుజాల దాకా కత్తిరిస్తే మిగిలేది 200 పిక్సెళ్ల వెడల్పు, 300 ఎత్తు.

పిక్సెల్ అంటే ఒకే రంగున్న చిన్న గడి. ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని ఒక్కో గడికి మూడు అంకెలు. ఫొటో అంటే ఆ గళ్ల వరసలే. గడికి సొంత సైజంటూ లేదు, ఎంత కాగితం మీద పరిస్తే అంత సాగుతుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 వేసుకుంటాం. ఆ లెక్కన 12 బై 18కి కోటీ 94 లక్షల పిక్సెళ్లు కావాలి. నా చేతిలో ఉన్నవి 60 వేలు. అంత కాగితం మీద పరిస్తే ఒక్కో గడి మిల్లీమీటరున్నర అవుతుంది, ముఖం పగిలిపోతుంది.

1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజినీరు కంప్యూటర్‌లోకి మొదటిసారి ఒక ఫొటోని స్కాన్ చేసి ఎక్కించాడు. అది ఆయన మూడు నెలల కొడుకు వాల్డెన్‌ది. 176 గళ్లు అడ్డం, 176 నిలువు, అన్నీ కలిపి 30,976. బొమ్మ ఐదు సెంటీమీటర్లే కాబట్టి పసివాడు పసివాడిలాగే కనిపిస్తాడు. గడి చతురస్రంగా ఉండాలని ఎంచుకున్నదీ ఆయనే. ఎనభై దాటాక అది సరికాదనుకుని, వేరే ఆకారాల పిక్సెళ్ల మీద మళ్లీ పనిచేశాడు. ఆ పట్టుదలంటే నాకు చాలా గౌరవం.

"ఏఐతో క్లియర్ చేయొచ్చుగా" అని అడుగుతారు. చేయొచ్చు. కానీ లేని పిక్సెళ్లను అది వేలాది ఇతర ముఖాలు చూసి ఊహించి పెడుతుంది. కళ్లు మెరుస్తాయి, పోలిక పోతుంది. భార్యా పిల్లలు రోజూ చూసుకునే ఫొటోకి ఆ పని నేను చేయను.

అందుకే నేను ముందు అడిగేది, ఆ ఫొటో ఎవరి ఫోన్లో తీశారని. ఫోన్లో 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో, వాట్సాప్‌లో మామూలుగా పంపితే దాదాపు 1600కి కుదించుకుపోతుంది. అసలుది దొరికితే ముఖానికి ఆరింతల పిక్సెళ్లు వస్తాయి. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమంటాను, అలాగైతే ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు. అదీ దొరక్కపోతే 4 బై 6లో వేసి, చుట్టూ వెడల్పాటి తెల్ల బోర్డరుతో 12 బై 18 ఫ్రేములో బిగిస్తాను. చిన్నదైందంటారు. అయినా అదే తీసుకెళ్లమని చెబుతాను.