మీకు తెలుసా? మంటల్లోంచి బయటపడి మళ్లీ రాకెట్ ఎక్కారు!

1984 ఏప్రిల్ 3న భారత వ్యోమగామి రాకేశ్ శర్మతో పాటు సోయజ్ వ్యోమనౌకలో అంతరిక్షానికి వెళ్లిన సోవియట్ వ్యోమగామి గెన్నాదీ స్ట్రెకలోవ్, దానికి సుమారు ఆర్నెల్ల ముందే కాలిపోతున్న రాకెట్ కొన మీంచి ప్రాణాలతో బయటపడ్డారు.

1983 సెప్టెంబరు 26న బైకనూర్ ప్రయోగ కేంద్రంలో కౌంట్‌డౌన్ ముగియకముందే సోయజ్ రాకెట్ అడుగున మంటలు లేచాయి. వైర్లు కాలిపోవడంతో, తప్పించే వ్యవస్థను కంట్రోల్ కేంద్రం నుంచి రేడియో ద్వారా పేల్చాల్సి వచ్చింది. కొనమీది చిన్న రాకెట్ క్యాబిన్‌ను పెకలించుకుని పైకి లాక్కుపోయింది. ఆ ఊపుకు లోపలున్న స్ట్రెకలోవ్, కమాండర్ వ్లదీమిర్ తితోవ్‌ల మీద వాళ్ల బరువుకు పది రెట్లకు మించిన ఒత్తిడి పడింది. మరికొన్ని క్షణాల్లోనే రాకెట్ లాంచ్‌ప్యాడ్ మీద పేలిపోయింది. ఇద్దరూ సుమారు 4 కిలోమీటర్ల అవతల పారాచూట్‌తో క్షేమంగా దిగారు. ఎంత గుండె ధైర్యం ఉంటే మళ్లీ అదే సోయజ్ ఎక్కాలనిపిస్తుంది!

2018 అక్టోబరులో మరో సోయజ్ రాకెట్ గాల్లో ఉండగా చెడిపోయినప్పుడూ ఇద్దరు వ్యోమగాములు ఇలాగే బతికి బయటపడ్డారు.