అంతర్జాల నామమునకు కొస యేల?



విత్తనములు కొనునపుడు తెలిసిన రైతు సంచి మీది బొమ్మను నమ్మడు; ధ్రువీకరణపు నీలి చీటి యున్నదా యని చూచును. అంతర్జాలపు చిరునామాలకును అట్టి చీటి యొకటి కలదు. పేరు చివర చుక్క తరువాత వచ్చు కొసయే యది.

"డాట్ కామ్" అను కొస 1985వ సంవత్సరమున వర్తక సంస్థలకై పుట్టినది. చిరపరిచయముచేత జనులు దానిని నమ్మదగినదిగా తలంతురు. "డాట్ ఆర్గ్" చూచిన ధర్మసంస్థ యనియు, "డాట్ ఇన్" చూచిన సర్కారు వారిదనియు భ్రమపడువారు కలరు. కాని యీ మూడింటిని రుసుము చెల్లించి యెవ్వరైనను పొందవచ్చును.

అర్హత విచారించి యిచ్చు కొసలు వేఱు. "డాట్ గవ్ డాట్ ఇన్" ప్రభుత్వమునకే చెల్లును. 2000వ సంవత్సరమున ఆమోదము పొందిన "డాట్ కోఆప్" సహకార సంస్థలకును, వానికి తోడ్పడు సంస్థలకును మాత్రమే. 2025లో రిజర్వు బ్యాంకువారు సహకార బ్యాంకులతో సహా బ్యాంకులన్నియు అక్టోబరు 31 లోపల "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" కొసకు మారవలెనని ఆదేశించిరి. ఆ పేర్లను నమోదు చేయునది హైదరాబాదునందలి ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ.

కావున అప్పు లెక్కయో, పంట సొమ్మో చూచుకొమ్మని ఫోనునకు లంకె వచ్చినచో, దానిని తాకకముందే కొసను చదువుడు. "బ్యాంకు" అను మాట పేరు నడుమ నున్న చాలదు. ఆ కొస పూర్తిగా చివరనే యుండవలెను.

ప్రాథమిక పరపతి సంఘములు బ్యాంకులు కావు గనుక వానికి బ్యాంకు కొస దొరకదు. "డాట్ కోఆప్" కోరవచ్చును. సంఘమునకు పేరు నిర్ణయించునపుడు చౌకయా యని మాత్రమే గాక, ఇది యెవరెవరికి దొరకునని సభలో విచారింపుడు. అందఱికి దొరకు చీటి యెవ్వరికిని సాక్ష్యము కానేరదు.