సమానత్వం చెప్పే మతంలో ఎక్కువ తక్కువలు: దూదేకుల వారి ఉదాహరణ

గత పాఠంలో హిందూ సమాజంలోని కులవ్యవస్థను గురించి చదివారు. అది చదివాక మీలో చాలామందికి ఒక అభిప్రాయం కలిగి ఉంటుంది. కులం హిందూ మతానికి చెందినది, మతం మారితే కులం పోతుంది అన్నది ఆ అభిప్రాయం. సంపర్క తరగతుల్లో ఏటా ఈ మాట వినేవాణ్ణి. ఈ పాఠంలో దాన్ని పరీక్షించి చూద్దాం. అందుకు దూరం పోనక్కరలేదు. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న గుమ్మఘట్ట మండలం నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇది వాన చాలని మెట్టసీమ. వేదావతి నదిని ఇక్కడివారు హగరి అంటారు. దానిమీద భైరవానితిప్ప ఆనకట్ట ఉన్నా, ఎక్కువ మంది రైతులు ఆకాశం వైపే చూస్తారు. ఊళ్ళలో తెలుగూ కన్నడమూ కలిసి వినిపిస్తాయి. ఈ ప్రాంతపు ఊళ్ళలో ఫకీరప్ప, కుళ్ళాయప్ప, మస్తానమ్మ, హుసేనమ్మ వంటి పేర్లు మీకు తగులుతాయి. పేరు మొదట్లో ఇస్లాం ఉంటుంది, చివర్లో తెలుగు ఊరు ఉంటుంది. ఇలాంటి పేర్లు పెట్టుకునేవారిలో దూదేకుల వారు ఎక్కువ.

దూదేకుల వారు ఎవరు?

పేరులోనే వృత్తి ఉంది. దూదిని ఏకేవారు దూదేకులవారు. ఈ సీమలో పింజారి అనీ, కోస్తాలో నూర్‌బాషా అనీ, కొన్నిచోట్ల లద్దాఫ్ అనీ అంటారు. సరిహద్దు దాటితే నదాఫ్ అవుతారు. విల్లులాంటి పనిముట్టుతో దూది ఏకడం, పరుపులు, బొంతలు కుట్టడం, నవారు నేయడం, తాళ్ళు పేనడం వీరి పాత పనులు. 1909లో ఎడ్గార్ థర్స్టన్ ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో వీరి గురించి ఉంది. వీరు ముస్లింలే అయినా పేర్లలో, ఆచారాల్లో స్థానిక పద్ధతులు కలిసి ఉన్నాయని అప్పుడే గమనించారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్దయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. కడప జిల్లా ముడుమాలలో ఆయన మఠం ఉంది. నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు అన్ని కులాలవారూ వస్తారు. ఆ పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ రాసిన పరిశోధన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది.

మర కొట్లు వచ్చాయి, తర్వాత ఫోము పరుపులు వచ్చాయి. ఏకే విల్లు అటకెక్కింది. వృత్తి పోయినా ఆ వృత్తి పెట్టిన పేరు మాత్రం పోలేదు. తెలుగులో ‘పింజారి’ అన్నది తిట్టుగా కూడా వాడుతున్నారని మీకు తెలుసు. సినిమాల్లో కూడా విన్నారు. ఒక కులం పేరు తిట్టుగా మారిందంటే, ఆ కులాన్ని చుట్టుపక్కల సమాజం ఎలా చూసిందో వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ నా ఇంటి సంగతి కూడా చెప్పాలి. లేకపోతే ఈ పాఠం ఒకవైపు వేలెత్తి చూపినట్టు అవుతుంది. నా చిన్నప్పుడు దూది ఏకడానికి ఒక పెద్దాయన మా ఊరికి వచ్చేవాడు. విల్లు నారి మోగుతుంటే మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. మధ్యాహ్నం మా అవ్వ ఆయనకు నీళ్ళు పోసేది, పైనుంచి, దోసిట్లోకి. ఆయన పనిచేసిన పరుపు మీదే మేం పడుకునేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత ఆయన మనవడు నాతోపాటు చదివాడు. పట్నంలో ముస్లిం కుటుంబాలు ఉన్న వీధిలో అతనికి గది దొరికింది, స్నేహితులు దొరికారు. ఒక కుటుంబంతో సంబంధం మాటల వరకూ వచ్చింది. అతని ఇంట్లో ఉర్దూ మాట్లాడరని, తాత దూది ఏకేవాడని తెలిశాక ఆ మాటలు ఆగిపోయాయి. మా అవ్వకు అతని తాత ‘తురక’. ఆ ఇంటివారికి ఇతను ‘అసలు ముస్లిం’ కాదు.

ప్రమాణం, ఆచరణ

ఇస్లాం బోధలో మనుషుల మధ్య పుట్టుక వల్ల ఎక్కువ తక్కువలు లేవు. దైవభక్తి ఒక్కటే కొలమానమని ఖురాను చెబుతుంది. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద ఆధిక్యం లేదన్న బోధ ప్రవక్త చివరి హజ్ ప్రసంగానికి చెందినదిగా ప్రసిద్ధం. ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. మసీదులో నమాజు వరసలో భుజం భుజం కలిపి నిలబడేటప్పుడు పక్కవాడి కులం అడగరు. గుడి గడప దగ్గర ఆగిపోయినవారి చరిత్ర చదివిన మీకు ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. దీన్ని తక్కువచేసి చూడకండి.

అయితే నమాజు ముగిశాక కులం బయటకు వస్తుంది. పెళ్ళి దగ్గర, మసీదు కమిటీ దగ్గర, మర్యాద దగ్గర వస్తుంది. ఉత్తర భారతదేశ ముస్లింలను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్తలు మూడు అంతస్తులు చెబుతారు. విదేశీ మూలం చెప్పుకునే సయ్యద్, షేక్, మొగల్, పఠాన్లు అష్రాఫ్. వృత్తికులాల నుంచి మతం మారినవారు అజ్లాఫ్. పాకీపని వంటివి చేసేవారు అర్జాల్. 1973లో ఇమ్తియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాసాల సంపుటి తర్వాత ఈ చర్చ విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. 2006 సచార్ కమిటీ నివేదిక కూడా ఈ మూడు అంతస్తులను పేర్కొన్నది.

ఇదంతా హిందువుల నుంచి అంటుకున్నదే అని కొందరు అంటారు. సగం నిజం. మతం మారినవారు తమ వృత్తులను, అంతర్వివాహ నియమాన్ని వెంట తెచ్చుకున్నారు. కానీ మిగతా సగం కూడా చూడాలి. హనఫీ ధర్మశాస్త్రంలో పెళ్ళికి ‘కుఫూ’ అన్న నియమం ఉంది, అంటే వధూవరుల ఇళ్ళు సరితూగడం. వంశం, వృత్తి కూడా అందులో లెక్కకు వచ్చాయి. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీలో జియాఉద్దీన్ బరనీ రాసిన రాజనీతి గ్రంథం తక్కువ పుట్టుక వారికి చదువు చెప్పవద్దని రాజుకు సలహా ఇచ్చింది. సమానత్వాన్ని చెప్పిన గ్రంథాన్ని చదివిన పండితులే ఇవి రాశారు.

ఇప్పుడు ఒక భేదం గమనించండి. ఒక ఆదర్శాన్ని అందుకోలేకపోవడం కపటం కాదు. అది మానవ బలహీనత. అందుకోలేదని ఒప్పుకోకుండా ‘మాలో కులం లేదు’ అంటూనే కులం పాటించడం కపటం. ఇస్లాం పరిభాషలోనే దీనికి కటువైన మాట ఉంది. పైకి ఒకటి, లోపల ఒకటిగా ఉండేవాణ్ణి ‘మునాఫిక్’ అంటారు. ‘మాలో కులం లేదు’ అన్న మాట ఎవరికి లాభం? కులం వల్ల బాధ పడనివారికే. బాధపడేవాడు నోరు విప్పితే, మతాన్ని చీల్చుతున్నావన్న నింద అతని మీద పడుతుంది. దళిత క్రైస్తవులు తమ చర్చిల్లో ఇదే జవాబు విన్నారు. కాబట్టి ఇది ఒక్క మతం జబ్బు కాదు.

*మీ ప్రగతిని సరిచూసుకోండి: మసీదు వరసలో కనిపించే సమానత్వం పెళ్ళి దగ్గర ఎందుకు ఆగిపోతుంది? అంతర్వివాహం అన్న భావనను ఉపయోగించి పది పంక్తులలో రాయండి.*

పేరు మార్చుకోవడం

కింది అంతస్తువారు పై అంతస్తు ఆచారాలను అనుకరించి గౌరవం సంపాదించుకోవడాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు. ముస్లింలలో ఇలాంటి దాన్ని అష్రాఫీకరణ అంటారు. దూదేకుల కుటుంబాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కుళ్ళాయప్ప కొడుకు షేక్ అవుతాడు. ఇంట్లో ఉర్దూ నేర్పుతారు. పీర్ల చావిడికి పోవడం తగ్గుతుంది. మతశుద్ధి గురించి బోధించేవారు పీర్ల పండుగను తప్పంటారు. తరతరాలుగా పీర్లను ఎత్తినవారు తాము చేసింది పాపమా అని మథనపడతారు. ఇంతా చేసి పై ఇళ్ళవారు పిల్లనిస్తారా అంటే, ఎక్కువ చోట్ల అది వేరే సంగతి.

ఈ పేరు మార్పుకు ప్రభుత్వ జాబితాలతో ఒక చిక్కు ఉంది. మీలో ఉద్యోగ దరఖాస్తులు పెట్టేవారు దీన్ని జాగ్రత్తగా చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వెనుకబడిన తరగతుల్లో బి గ్రూపులో ఉన్నారు. మెహతర్ ముస్లింలు ఎ గ్రూపు. మిగతా ముస్లిం వృత్తికులాలు చాలాకాలం ఏ జాబితాలోనూ లేవు. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత 2007లో వచ్చిన చట్టం ఇ గ్రూపు ఏర్పరచి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అత్తరు సాయిబులు, ముస్లిం చాకళ్ళు, ఫకీర్లు, హజామ్‌లు, ఖురేషీలు అందులో ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్ వంటివారిని చట్టం పేరుపేరునా మినహాయించింది. ఉత్తరాదిలో అష్రాఫ్‌గా లెక్కకు వచ్చే షేక్‌లు ఇక్కడ వెనుకబడినవారి జాబితాలో చేరారు. తెలుగునేలలో మతం మారినవారు ఎక్కువగా పెట్టుకున్న పేరు అదే కావడం ఇందుకు కారణం. 2010లో హైకోర్టు చట్టాన్ని కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది.

చూశారా, ‘మాలో కులం లేదు’ అన్న వాదన ఈ చట్టం ముందు నిలవదు. ముస్లింలలో వెనుకబడిన కులాలు ఉన్నాయన్న ఆధారం మీదే ఆ 4 శాతం నిలబడింది.

మెహతర్‌ల సంగతి ఇంకా బాధాకరం. పాకీపని చేసిన హిందువుకు షెడ్యూల్డ్ కులం హోదా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను మొదట హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు బయటే ఉన్నారు. మతం ఆధారంగా ఈ భేదం వద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. ఇస్లాంలో అంటరానితనం లేదు కాబట్టి హోదా అక్కరలేదని ప్రభుత్వం పక్షం. ఆ మాటను తొలుత నమ్మించింది సమాజంలోని పెద్దలే. దాని ఫలితం అనుభవిస్తున్నది చీపురు పట్టినవాడు.

‘అసలు ముస్లిం’ ఎవరని ఎవరు తేల్చాలి?

దూదేకుల వారిని తక్కువచేసినవారు వారిని మతం నుంచి బయటికి నెట్టలేదు. నెట్టిన ఉదాహరణ కూడా మన రాష్ట్రంలోనే ఉంది. అది అహ్మదీయులది. 1889లో పంజాబులోని ఖాదియాన్‌లో మీర్జా గులాం అహ్మద్ స్థాపించిన శాఖ ఇది. ప్రవక్త పరంపర గురించి వీరి నమ్మకాన్ని మిగతా ముస్లింలు అంగీకరించరు. 2012లో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు వీరు ముస్లింలు కారని తీర్మానించింది. హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని నిలిపివేసింది. అయినా 2023 ఫిబ్రవరిలో బోర్డు మళ్ళీ అలాంటి ప్రకటనే చేసింది. ఆ జులైలో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ రాష్ట్ర ప్రభుత్వానికి లేఖ రాసి, బోర్డుకు ఆ అధికారం లేదని అభ్యంతరం చెప్పింది. 1970లోనే కేరళ హైకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ అహ్మదీయులు ముస్లింలేనని తీర్పు ఇచ్చారు. 2011 జనగణన కూడా వారిని ఇస్లాంలోని శాఖగానే లెక్కించింది.

ఒక మతంవారు తమ సిద్ధాంతమేమిటో చెప్పుకోవచ్చు. ఒక శాఖ నమ్మకం తప్పని వాదించడమూ కపటం కాదు. చిక్కు వేరేచోట ఉంది. వక్ఫ్ బోర్డు చట్టం వల్ల పుట్టిన సంస్థ. దాని మాటతో శ్మశానం, మసీదు, నిఖా ముడిపడి ఉంటాయి. పాకిస్తాన్ 1974లో రాజ్యాంగాన్నే సవరించి అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించింది. 1984 ఆర్డినెన్సు వారు తమ ప్రార్థనా స్థలాన్ని మసీదు అనడాన్ని కూడా నేరం చేసింది. ఆ దేశంలో పారిశుద్ధ్య ఉద్యోగాలు ముస్లిమేతరులకే అన్న ప్రకటనలు వచ్చిన సందర్భాలున్నాయి. కులం లేదన్న మతరాజ్యంలో చీపురుకు మాత్రం మతం దొరికింది. ఇక్కడ మైనారిటీగా రాజ్యాంగం 25వ అధికరణ కింద రక్షణ కోరేవారు, తమలోని మరింత చిన్న మైనారిటీకి అదే రక్షణ ఎందుకు వద్దంటున్నారో అడగాలి. ఈ ప్రశ్న అడిగే హక్కు నా మతంవారికి కూడా ఊరికే రాదు. మా అవ్వ పైనుంచి పోసిన నీళ్ళకు మేం ముందు జవాబు చెప్పాలి.

నేను పదవీ విరమణ చేయడానికి ముందు సంవత్సరం ఈ మెట్టసీమ నుంచి వచ్చిన ఒక విద్యార్థి రెండు కాగితాలు నా బల్లమీద పెట్టాడు. బడి రికార్డులో ‘షేక్’ అని ఉంది. తండ్రి కులధ్రువీకరణలో ‘దూదేకుల, బి.సి.బి’ అని ఉంది. కార్యాలయంలో రెండూ సరిపోలడం లేదన్నారట. ‘ఏది నిజం సార్?’ అన్నాడు. ధ్రువీకరణకు కావలసిన తండ్రి, తాతల రికార్డులేవో చెప్పి పంపాను. వృత్తి నిజం తండ్రి కాగితంలో ఉంది, కోరిక కొడుకు కాగితంలో ఉంది అని ఆ రోజు అతనికి చెప్పలేకపోయాను.

*ఇంటిపని: వచ్చే సంపర్క తరగతికి ముందు మీ ఊళ్ళో లేదా పక్క ఊళ్ళో మూడు విషయాలు మర్యాదగా అడిగి తెలుసుకోండి. మసీదు కమిటీలో ఎవరెవరు ఉన్నారు, పీర్ల చావిడిలో పని ఎవరిది, గత పదేళ్ళలో దూదేకుల ఇళ్ళకూ ఇతర ముస్లింల ఇళ్ళకూ మధ్య ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయి. మనుషుల పేర్లు రాయవద్దు. మీ కులంలో అదే పదేళ్ళలో కులాంతర పెళ్ళిళ్ళు ఎన్నో కూడా పక్కనే రాయండి.*