కంప్యూటర్ డిగ్రీ కోరేవారికి గణితమే గడప
బోర్డు చూసి కాదు, క్రెడిట్ల పట్టిక చూసి చేరాలి

చిక్కడపల్లి, నారాయణగూడ: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడితే చాలు, నారాయణగూడ కూడలిలో ప్రవేశాల సందడి మొదలవుతుంది. చేతిలో మార్కుల జాబితా, పక్కన తండ్రో అన్నయ్యో, ఎదురుగా కళాశాలల బోర్డులు. దాదాపు ప్రతి బోర్డుపైనా ‘కంప్యూటర్స్’ అన్న మాట ఉంటుంది. జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలకు అక్కడే తికమక మొదలవుతోంది. ఒకే మాట కింద మూడు వేర్వేరు చదువులున్నాయి. వాటి కాలపరిమితి వేరు, ప్రవేశ పద్ధతి వేరు, పట్టా చేతికి రావడానికి నెరవేర్చాల్సిన నిబంధనలు వేరు. చేరిన తర్వాత రెండో ఏడాదిలో ఈ తేడా తెలుసుకున్న విద్యార్థికి వెనక్కి వెళ్లే దారి ఉండదు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో చిక్కడపల్లి, నారాయణగూడ పక్కపక్క స్టేషన్లు. నారాయణగూడలోని కేశవ్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2007లో ఏర్పడిన ఇంజినీరింగ్ కళాశాల. ఇది జేఎన్‌టీయూహెచ్ పరిధిలోనిది. అదే ప్రాంతంలోని భవన్స్ న్యూ సైన్స్ కళాశాల, రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోనివి. నిజాం కాలపు కొత్వాలు పేరిట 1954లో మొదలైన మహిళా కళాశాలలో ఇప్పుడు కంప్యూటర్ పాఠాలు సాగుతున్నాయి. అంటే ఒకే వీధుల్లో రెండు విశ్వవిద్యాలయాల నిబంధనలు అమలవుతున్నాయన్నమాట.

పేరు ఒకటే, చదువులు మూడు

మొదటిది నాలుగేళ్ల బీటెక్ కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్. రెండోది మూడేళ్ల బీఎస్సీ. ఇందులో కంప్యూటర్ సైన్స్ మూడు ప్రధాన సబ్జెక్టుల్లో ఒకటి మాత్రమే. గణితం, భౌతికశాస్త్రంతో కలిస్తే ఎంపీసీఎస్ అనీ, గణితం, గణాంకశాస్త్రంతో కలిస్తే ఎంఎస్‌సీఎస్ అనీ వ్యవహరిస్తారు. మూడోది బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్. పేరులో కంప్యూటర్ ఉన్నా ఇది వాణిజ్యశాస్త్ర పట్టా. అకౌంటెన్సీ పత్రాల మధ్య సమాచార సాంకేతికత ప్రాథమికాంశాలు, సీ, సీ ప్లస్‌ప్లస్, డేటాబేస్, వెబ్ టెక్నాలజీ పత్రాలు ఉంటాయి. లెక్కల ఖాతాల ఉద్యోగాలు కోరేవారికి ఇది మంచి చదువే. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కావాలని వచ్చి ఇందులో చేరినవారే తర్వాత నొచ్చుకుంటున్నారు.

బీటెక్‌లో చేరాలంటే ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి. ఆ సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 40 శాతం మార్కులు తప్పనిసరి. ఆపై ప్రవేశ పరీక్ష. ఒకప్పటి ఎంసెట్ తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్‌గా మారింది. 160 ప్రశ్నల్లో గణితానివే 80. మిగిలిన రెండు శాస్త్రాలకు చెరో 40. ఇంటర్ మార్కులకు ఒకప్పుడు ఉన్న 25 శాతం వెయిటేజీని తొలగించారు కనుక ర్యాంకును సగం మేర గణితమే నిర్ణయిస్తోంది. బీఎస్సీ, బీకాం సీట్లకు ప్రవేశ పరీక్ష లేదు. 2016లో మొదలైన ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానంలో ఇంటర్ మార్కుల ఆధారంగా సీటు కేటాయిస్తారు. గణితం ఉన్న బీఎస్సీ గ్రూపులకు ఇంటర్‌లో గణితం చదివి ఉండాలి.

160 క్రెడిట్ల లెక్క

సీటు వచ్చిందంటే సగం పని అయిందని తల్లిదండ్రులు భావిస్తారు. అసలు షరతులు ఆ తర్వాతే మొదలవుతాయి. వారానికి ఒక గంట పాఠం సెమిస్టరు పొడవునా సాగితే ఒక క్రెడిట్. ప్రయోగశాలలో రెండు గంటలకు ఒక క్రెడిట్. ఏఐసీటీఈ 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళిక ఇంజినీరింగ్ పట్టాకు 160 క్రెడిట్లు చాలని నిర్దేశించింది. అంతకుముందు జేఎన్‌టీయూహెచ్ ఆర్-16 నిబంధనల కింద 192 క్రెడిట్లు సాధించాల్సి వచ్చేది. భారం తగ్గిన మాట నిజమే. అయితే ఉన్న 160లో ఒక్కటి తగ్గినా పట్టా రాదు.

2022-23 నుంచి అమలైన ఆర్-22 నిబంధనల్లో సెమిస్టరుకు 20 క్రెడిట్ల చొప్పున ఎనిమిది సెమిస్టర్లు ఉన్నాయి. ప్రతి సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 40 కళాశాల స్థాయి అంతర్గత మూల్యాంకనానికి, 60 సెమిస్టరు చివరి పరీక్షకు. అంతర్గతంలో 14, చివరి పరీక్షలో 21, రెండూ కలిపి 40 వస్తేనే ఉత్తీర్ణత. 14, 21 కలిపితే 35 మాత్రమేనన్న సంగతి చాలామంది గమనించరు. రెండు చోట్లా కనీస మార్కులు దాటినా మొత్తంలో ఐదు తగ్గి తప్పినవారు మొదటి సెమిస్టరు ఫలితాల రోజున బిత్తరపోతుంటారు.

హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం, ధ్రువపత్రం చూపి రుసుము చెల్లించి మినహాయింపు పొందవచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. పై తరగతికి వెళ్లడానికీ క్రెడిట్ల షరతు ఉంది. మొదటి ఏడాది 40 క్రెడిట్లలో కనీసం 20, రెండో ఏడాది ముగిసేసరికి 80లో 48, మూడో ఏడాది ముగిసేసరికి 120లో 72 సాధించకపోతే విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. నాలుగేళ్ల చదువును గరిష్ఠంగా ఎనిమిదేళ్లలో ముగించాలి. పాలిటెక్నిక్ డిప్లొమాతో ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవారికి 120 క్రెడిట్లు చాలు. వారికి గడువు ఆరేళ్లు.

క్రెడిట్లు లేని సబ్జెక్టులూ ఉన్నాయి. భారత రాజ్యాంగం, పర్యావరణ శాస్త్రం వంటివి ఈ కోవలోనివి. మార్కుల సగటులో కలవవు కదా అని వదిలేస్తే పట్టా నిలిచిపోతుంది.

ఏం చదవాలి?

కంప్యూటర్ సైన్స్ అంటే కంప్యూటర్ ముందు కూర్చోవడమని చేరినవారికి మొదటి ఏడాది నిరుత్సాహమే. మాత్రికలు, కలన గణితం, అవకలన సమీకరణాలు, రసాయనశాస్త్రం, విద్యుత్ పాఠాలు, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌తో ఆ ఏడాది గడిచిపోతుంది. మధ్యలో సీ భాషలో ప్రోగ్రామింగ్ ఒక్కటే తమ శాఖకు చెందినట్లు కనిపిస్తుంది. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్, జావా, కంప్యూటర్ నిర్మాణం, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ వస్తాయి. వాటితోపాటు గణాంక పద్ధతులు, డిస్క్రీట్ మ్యాథమేటిక్స్. ఇలా తొలి రెండేళ్లలోనే నాలుగు గణిత పత్రాలు. మూడో ఏడాది అల్గారిథమ్స్, నెట్‌వర్క్స్, మెషీన్ లెర్నింగ్, కృత్రిమ మేధ, ఆటోమాటా సిద్ధాంతం. చివరి ఏడాది కంపైలర్ డిజైన్, క్రిప్టోగ్రఫీ, ప్రాజెక్టు. సెమినార్‌తో కలిపి ప్రాజెక్టు రెండో దశకే 11 క్రెడిట్లు.

ఈ వరుస యాదృచ్ఛికం కాదు. ఒక పట్టణంలోని వీధుల మధ్య దగ్గరి దారి వెతకాలంటే వీధులను చుక్కలుగా, గీతలుగా మార్చి చూడాలి. అది డిస్క్రీట్ గణితం. ఆ చుక్కలను యంత్రం జ్ఞాపకంలో అమర్చడం డేటా స్ట్రక్చర్స్. దారిని తక్కువ అడుగుల్లో కనుగొనడం అల్గారిథమ్స్. మొదటి మెట్టు లేకుండా మూడోది ఎక్కడం కుదరదు. పాఠ్యప్రణాళికలోనూ ప్రతి సబ్జెక్టు మొదట్లో ముందుగా చదవాల్సిన సబ్జెక్టులను పేర్కొంటారు. కంపైలర్ డిజైన్‌కు ఆటోమాటా సిద్ధాంతం, కంప్యూటర్ నిర్మాణం, డేటా స్ట్రక్చర్స్ తెలిసి ఉండాలని అందులో ఉంది.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ముందు సబ్జెక్టు ఉత్తీర్ణులు కానిదే సాధారణంగా తర్వాతి సబ్జెక్టులో పేరు నమోదు చేయరు. మన దగ్గర అలా ఆపరు. క్రెడిట్ల మొత్తం సరిపోతే చాలు, డేటా స్ట్రక్చర్స్ తప్పిన విద్యార్థి కూడా అల్గారిథమ్స్ తరగతిలో కూర్చుంటాడు. ఇది దయలా కనిపించే చిక్కు. ఒక బ్యాక్‌లాగ్ నెమ్మదిగా మూడవుతుంది. ప్రాంగణ నియామకాలకు వచ్చే సంస్థల్లో చాలావరకు బ్యాక్‌లాగ్‌లు లేనివారినే పరీక్షకు అనుమతిస్తుండటంతో నాలుగో ఏడాదిలో దాని ధర తెలుస్తుంది.

బీఎస్సీని తక్కువగా చూడొద్దు

ఉస్మానియా పరిధిలో 2016-17 నుంచి క్రెడిట్ల విధానం అమల్లో ఉంది. 2019 పాఠ్యప్రణాళికలో కంప్యూటర్ సైన్స్ వరుస సీ, సీ ప్లస్‌ప్లస్, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌గా సాగి, చివరి ఏడాది జావా, వెబ్ టెక్నాలజీ వంటి పత్రాలకు చేరింది. సెమిస్టరుకు ఒక ప్రధాన పత్రం, దానికి ప్రయోగశాల. బీటెక్‌తో పోలిస్తే కంప్యూటర్ పత్రాలు చాలా తక్కువ. కంపైలర్లు, ఆటోమాటా జోలికి పోరు. ఈ లోటును సొంతంగా పూడ్చుకోవాలి.

గణితం విషయంలో మాత్రం బీఎస్సీదే పైచేయి. కలన గణితం, అవకలన సమీకరణాల తర్వాత రియల్ అనాలిసిస్, బీజగణితం, లీనియర్ ఆల్జీబ్రా, న్యూమరికల్ అనాలిసిస్ చదువుతారు. ఇంజినీరింగ్‌లో సూత్రం పెట్టి జవాబు రాబట్టడం నేర్పితే ఇక్కడ సూత్రం ఎందుకు నిజమో నిరూపించమంటారు. ఇంటర్‌లో కంఠస్థంతో నెట్టుకొచ్చినవారికి రియల్ అనాలిసిస్ వద్ద అడుగు పడదు.

ఆ కష్టానికి ఫలం ఉంది. గణితంతో బీఎస్సీ పూర్తిచేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్ విద్యార్థులకే ఈ పరీక్ష అన్న అపోహ ఉండటంతో చాలామంది దరఖాస్తే చేయరు. ఐసెట్ ద్వారా ఎంసీఏకు వెళ్లవచ్చు. ఎంసీఏ 2020-21 నుంచి మూడేళ్ల బదులు రెండేళ్లకు తగ్గింది. అంటే బీఎస్సీ, ఎంసీఏ కలిపి ఐదేళ్లు. బీటెక్ కన్నా ఏడాది ఎక్కువ, చేతిలో స్నాతకోత్తర పట్టా. అమెరికాలో ఎంఎస్ చేయాలనుకునేవారు మాత్రం ఒకటి గమనించాలి. అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు 16 ఏళ్ల చదువు అడుగుతాయి. ఇంటర్ తర్వాత మూడేళ్ల పట్టాతో 15 ఏళ్లే అవుతుంది.

అశోక్‌నగర్ మాటేమిటి?

ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలతో అశోక్‌నగర్, పుస్తకాలతో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం రాష్ట్రమంతటి నిరుద్యోగులకు తెలిసిన చిరునామాలు. గ్రూప్-1 వంటి పరీక్షలకు ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. అక్కడ బీటెక్, బీఎస్సీ, బీకాం ఒకే వరుసలో నిలబడతాయి. డిగ్రీ పూర్తికాగానే గ్రూప్స్‌కు కూర్చోవాలని ముందే నిశ్చయించుకున్నవారికి మూడేళ్ల చదువు ఒక ఏడాది మిగులుస్తుంది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ అధ్యాపక ఉద్యోగం కోరేవారికి మాత్రం ఆ శాఖలో ఇంజినీరింగ్ పట్టా అవసరం. ఏ పరీక్ష రాయాలన్నది ఇంటర్ నాటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు కనుక, గణితం వదలకుండా ఉండటమే మేలన్నది ఇక్కడి విద్యార్థుల అనుభవం చెబుతున్న మాట.

చేరే ముందు కళాశాల కార్యాలయంలో అడగాల్సింది రుసుము ఒక్కటే కాదు. తాము చేరే ఏడాదికి వర్తించే నిబంధనల పుస్తకం, సెమిస్టరు వారీ క్రెడిట్ల పట్టిక అడిగి తీసుకోవాలి. స్వయంప్రతిపత్తి కళాశాలలు సొంత పాఠ్యప్రణాళిక రూపొందించుకుంటాయి కనుక అక్కడి పుస్తకం వేరుగా ఉంటుంది. జేఎన్‌టీయూహెచ్‌లో 2025-26లో చేరినవారికి ఆర్-25 పేరిట కొత్త నిబంధనలు వచ్చాయి. 2024-25లో చేరి మొదటి ఏడాదే ఆగిపోయిన విద్యార్థి తిరిగి చేరినప్పుడు ఆర్-22 కాదు, కొత్త తరగతి నిబంధనల్లోకి వెళ్తాడు. అప్పటికే ఉత్తీర్ణుడైన సబ్జెక్టులు పోవు గానీ, కొత్త పట్టికలో అదనంగా ఉన్నవాటిని రాయాల్సి ఉంటుంది.